సంఘాల పాలకవర్గ ఎన్నికలు: నామినేషన్, బ్యాలట్ విధానాలు

క్లబ్బులు, సొసైటీలు, సహకార సంఘాలు, క్రీడా సంఘాలు, వృత్తి సంఘాలు, అపార్ట్‌మెంటు యజమానుల సంఘాలు తమ వ్యవహారాలు నడిపే బృందాన్ని సభ్యుల్లోంచే ఎన్నుకునే ప్రక్రియ పాలకవర్గ ఎన్నిక. ఆ బృందాన్ని కార్యవర్గమనీ, మేనేజింగ్ కమిటీ అనీ, డైరెక్టర్ల బోర్డు అనీ పిలుస్తారు. అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, కార్యదర్శి, సంయుక్త కార్యదర్శి, కోశాధికారి, వారితోపాటు కొందరు కార్యవర్గ సభ్యులు ఉండటం తెలుగునాట ఎక్కువగా కనిపించే కూర్పు.

శాసనసభ ఎన్నికలు జరపడానికి రాజ్యాంగబద్ధమైన ఎన్నికల సంఘం ఉంది. క్లబ్బుకు అలాంటి వ్యవస్థ ఉండదు. ఓటర్లు, అభ్యర్థులు, నిర్వాహకులు ఒకరికొకరు తెలిసినవారే. పదవిలో ఉన్నవారి చేతిలోనే సభ్యుల రిజిస్టరు, కార్యాలయం, సిబ్బంది, సంఘం డబ్బు ఉంటాయి. అందుకే ఎన్నిక న్యాయంగా జరిగిందా లేదా అన్నది పోలింగ్ రోజుకు ముందే చాలావరకు తేలిపోతుంది. ఓటర్ల జాబితాను ఎవరు ఖరారు చేశారు, నామినేషన్లకు ఎంత గడువిచ్చారు, తిరస్కరణకు కారణం రాసిచ్చారా, ఎన్నికల అధికారిని ఎవరు నియమించారు అన్నవే అసలు ప్రశ్నలు. ఓడిన అభ్యర్థి కూడా రికార్డులు చూసి ఫలితాన్ని ఒప్పుకోగలిగితే ఆ ఎన్నిక న్యాయంగా జరిగినట్టు.

చరిత్ర

పాలకవర్గ సభ్యుల అర్హతలు, అనర్హతలు రాతలో పెట్టుకున్న పాత ఉదాహరణల్లో తమిళనాడులోని ఉత్తిరమేరూరు శాసనాలు ప్రసిద్ధమైనవి. చోళ రాజు మొదటి పరాంతకుని కాలంలో, క్రీ.శ. 919, 921 సంవత్సరాల్లో చెక్కించిన ఈ శాసనాలు గ్రామసభ కమిటీల ఎంపికను వివరిస్తాయి. గ్రామాన్ని 30 వార్డులుగా విభజించారు. పన్ను చెల్లించే భూమి, సొంత ఇల్లు, 35 నుంచి 70 ఏళ్ల వయసు ఉండాలన్నారు. గడచిన మూడేళ్లలో కమిటీలో పనిచేసినవారిని, లెక్కలు అప్పజెప్పనివారిని, వారి దగ్గరి బంధువులను పక్కన పెట్టారు. అర్హుల పేర్లు తాటాకులపై రాసి కుండలో వేసి, ఒక బాలుడి చేత తీయించేవారు. ఇది ఓటు కాదు, చీటీ పద్ధతి. సభ కూడా బ్రాహ్మణ భూస్వాములకు పరిమితమైనది. అయినా లెక్కలు చెప్పనివారికి మళ్లీ పదవి లేదన్న సూత్రం, వరసగా పదవిలో కొనసాగకూడదన్న సూత్రం నేటి ఉపనిబంధనల్లోనూ కనిపిస్తాయి.

రహస్య బ్యాలట్ ఆధునిక రూపం ఆస్ట్రేలియాలో స్థిరపడింది. 1856లో విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియా వలస రాష్ట్రాలు అభ్యర్థులందరి పేర్లూ ఉన్న కాగితాన్ని ప్రభుత్వమే అచ్చువేసి, ఓటరు దానిపై చాటుగా గుర్తు పెట్టే విధానాన్ని చట్టం చేశాయి. బ్రిటన్ 1872లో బ్యాలట్ చట్టం తెచ్చింది. అంతకుముందు అక్కడ ఓటరు అందరి ముందూ తన ఎంపికను ప్రకటించాల్సి వచ్చేది. భూస్వామి ముందు కౌలుదారు, యజమాని ముందు పనివాడు నోరు విప్పి చెప్పే ఓటుకు స్వేచ్ఛ ఉండదన్నది ఆ సంస్కరణకు మూలం. చిన్న క్లబ్బులో చేతులెత్తే పద్ధతికి ఉన్న లోపమూ అదే.

సంఘాల సమావేశ విధానాలకు విస్తృతంగా వాడే గ్రంథం అమెరికా సైనిక ఇంజనీరు హెన్రీ మార్టిన్ రాబర్ట్ 1876లో ప్రచురించిన ‘రాబర్ట్స్ రూల్స్ ఆఫ్ ఆర్డర్’. దాని 12వ కూర్పు 2020లో వచ్చింది. నామినేటింగ్ కమిటీ, సభలో నామినేషన్, బ్యాలట్ లెక్కించేవారి నివేదిక వంటి ఏర్పాట్లు ప్రపంచవ్యాప్తంగా క్లబ్బుల ఉపనిబంధనల్లోకి చేరడంలో దాని పాత్ర పెద్దది.

చట్టపరమైన ఆధారం

ఎన్నిక ఏ చట్టం కిందికి వస్తుందనేది సంఘం ఏ చట్టం కింద నమోదైందన్న దానిపై ఆధారపడుతుంది. దేశంలో పాత చట్టం 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం. ఆంధ్ర ప్రాంతంలో అది, తెలంగాణ ప్రాంతంలో 1350 ఫసలీ (నిజాం కాలపు సంవత్సర లెక్క) నాటి చట్టం అమల్లో ఉండగా, ఆ రెండింటి స్థానంలో 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. ఎన్నిక ఎలా జరపాలన్న వివరాలను అది సంఘం ఉపనిబంధనలకే వదిలింది. కాబట్టి సొసైటీగా నమోదైన క్లబ్బుకు ఆ ఉపనిబంధనలే (బైలాస్) ఎన్నికల చట్టం. వాటిలో నామినేషన్ గడువు, ఓటు హక్కు, బ్యాలట్ పద్ధతి రాయకపోతే పదవిలో ఉన్నవారి ఇష్టమే నిబంధన అవుతుంది. వివాదం వస్తే 2001 చట్టం 23వ సెక్షన్ కింద మధ్యవర్తిత్వానికి గానీ జిల్లా కోర్టుకు గానీ వెళ్లవచ్చు.

సహకార సంఘాలకు 1964 నాటి సహకార సంఘాల చట్టం ఉంది. ప్రభుత్వ జోక్యం తగ్గించేందుకు 1995లో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చింది. దాని కింద ఎన్నిక నిర్వహణ బాధ్యత సంఘం బోర్డుదే. 2011 నాటి 97వ రాజ్యాంగ సవరణ బోర్డు సభ్యుల సంఖ్యను 21కి పరిమితం చేసి, అయిదేళ్ల పదవీకాలం నిర్ణయించి, గడువు తీరేలోపే ఎన్నిక జరగాలని చెప్పింది. సగం రాష్ట్రాల ఆమోదం తీసుకోలేదన్న కారణంతో 2021 జులైలో సుప్రీంకోర్టు ఆ నిబంధనలను బహుళ రాష్ట్ర సంఘాలకు మాత్రమే మిగిల్చింది. ఆ సంఘాలకు 2023 సవరణ చట్టం ప్రత్యేక సహకార ఎన్నికల ప్రాధికార సంస్థను ఏర్పరచింది.

కొన్ని క్లబ్బులు లాభాపేక్ష లేని కంపెనీలుగా నమోదవుతాయి. 2013 కంపెనీల చట్టం డైరెక్టర్ల నియామకాన్ని ఒక్కొక్కరికి ఒక్కో తీర్మానంగా ఓటుకు పెట్టాలంటుంది. జట్టు మొత్తాన్ని ఒకే తీర్మానంతో నెగ్గించుకోవడాన్ని ఇది అడ్డుకుంటుంది. డైరెక్టర్ల ఎన్నికకు దామాషా పద్ధతిని ఎంచుకునే వీలు 163వ సెక్షన్‌లో ఉంది.

క్రీడా సంఘాల విషయంలో మార్పు కోర్టుల ద్వారా వచ్చింది. క్రికెట్ నియంత్రణ మండలి సంస్కరణలకు జస్టిస్ ఆర్.ఎం. లోధా కమిటీ చేసిన సిఫారసుల్లో ఎక్కువ భాగాన్ని సుప్రీంకోర్టు 2016 జులైలో ఆమోదించింది. 2018లో మండలికి కొత్త నియమావళి వచ్చింది. 70 ఏళ్ల వయోపరిమితి, వరసగా పదవిలో ఉన్నవారికి విరామం, ఎన్నికల కమిషనర్‌గా పనిచేసిన వ్యక్తి ఎన్నికల అధికారిగా ఉండటం అందులో ముఖ్యమైనవి. 2025 జాతీయ క్రీడా పాలన చట్టం క్రీడా సమాఖ్యల ఎన్నికల పర్యవేక్షణకు జాతీయ స్థాయి ఎన్నికల ప్యానెల్‌కు వీలు కల్పించింది.

ఎన్నికల అధికారి

ఎన్నికల అధికారికి ఆ ఎన్నికలో పోటీ గానీ, సొంత ప్రయోజనం గానీ ఉండకూడదు. బయటి వ్యక్తిని నియమించడం మంచి పద్ధతి: విశ్రాంత న్యాయాధికారి, న్యాయవాది, బ్యాంకు అధికారి, మరో క్లబ్బులోని సీనియర్ సభ్యుడు. ఇది కుదరని చిన్న సంఘంలో పోటీ చేయని సభ్యులు ముగ్గురితో ఎన్నికల కమిటీ వేయవచ్చు. నియామకం కార్యవర్గం చేతిలో కాకుండా సర్వసభ్య సమావేశం చేతిలో ఉండటం, ఒకసారి నియమించాక ఫలితం ప్రకటించేవరకు తొలగించే వీలు లేకపోవడం ఆయన స్వతంత్రతకు రక్షణ.

హైదరాబాద్ క్రికెట్ సంఘం వ్యవహారాలను సుప్రీంకోర్టు 2023లో జస్టిస్ ఎల్. నాగేశ్వరరావుకు అప్పగించాక, ఆ ఏడాది అక్టోబరులో జరిగిన ఎన్నికలకు మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ వి.ఎస్. సంపత్ ఎన్నికల అధికారిగా వ్యవహరించారు. బ్రిటన్‌లో కార్మిక సంఘాల కార్యవర్గ ఎన్నికలకు స్వతంత్ర పరిశీలకుణ్ణి పెట్టడం చట్టపరమైన తప్పనిసరి. బ్యాలట్ల పంపిణీ నుంచి లెక్కింపు వరకు ఆయన నివేదిక ఇవ్వాలి.

ఓటర్ల జాబితా

సంఘాల ఎన్నికల్లో వివాదాలు ఎక్కువగా మొదలయ్యేది ఇక్కడే. జాబితా చుట్టూ మూడు రకాల అన్యాయాలు జరుగుతుంటాయి. ఎన్నికకు కొద్ది వారాల ముందు తమవారిని గుంపుగా సభ్యులుగా చేర్చుకోవడం మొదటిది. ప్రత్యర్థికి ఓటు వేస్తారనుకున్నవారిని చందా బకాయి పేరుతో తొలగించడం రెండోది. జాబితాను ఒక పక్షానికి ముందుగా ఇచ్చి మరో పక్షానికి ఇవ్వకపోవడం మూడోది.

మొదటిదానికి జవాబు అర్హత తేదీ. ఎన్నిక నోటీసుకు ఆరు నెలలకో ఏడాదికో ముందు సభ్యత్వం ఉన్నవారికే ఓటు అని ఉపనిబంధనల్లో రాసుకుంటే హడావుడి చేరికలకు ఫలం ఉండదు. రెండోదానికి జవాబు నోటీసు. బకాయి ఉన్న ప్రతి సభ్యుడికీ మొత్తం, చివరి తేదీ రాతపూర్వకంగా తెలిపి, ఆ తేదీలోగా చెల్లిస్తే ఓటు నిలిచేలా ఉండాలి. తొలగించడానికి ముందు సంజాయిషీ అడగడం సహజ న్యాయసూత్రం. మూడోదానికి జవాబు ఒకే రోజున అందరికీ ముసాయిదా జాబితా, ఆక్షేపణలకు గడువు, ఆ తర్వాత తుది జాబితా. తుది జాబితా వెలువడ్డాక ఒక్క పేరు కూడా చేర్చకూడదు, తీయకూడదు.

ఒకే వ్యక్తి అనేక చోట్ల ఓటు వేయడం మరో సమస్య. న్యాయవాదుల సంఘాల విషయంలో ఒక న్యాయవాదికి ఒకే సంఘంలో ఓటు అన్న నియమాన్ని సుప్రీంకోర్టు 2011లో సమర్థించింది. అనేక సంఘాల్లో సభ్యత్వం ఉన్న న్యాయవాది తాను ఎక్కడ ఓటు వేస్తాడో ప్రకటించాలి. క్లబ్బులే సభ్యులుగా ఉండే సంఘాల్లో ఒకే కుటుంబం గుప్పిట్లో పలు క్లబ్బులుంటే పలు ఓట్లూ ఒకరివే అవుతాయి. హైదరాబాద్ క్రికెట్ సంఘంలో 2023 ఎన్నికలకు ముందు ఈ విషయంపైనే విచారణ జరిగి, ఒకే యాజమాన్యం కింద ఉన్న క్లబ్బులను ఓటింగుకు దూరంగా ఉంచారు.

నామినేషన్ పద్ధతులు

అభ్యర్థులను ముందుకు తెచ్చే దారులు మూడు. మొదటిది నామినేటింగ్ కమిటీ. ఇది అర్హులను వెతికి, అడిగి, ఒప్పించి ప్రతి పదవికీ పేర్లు సూచిస్తుంది. పదవులకు ఎవరూ ముందుకు రాని చిన్న క్లబ్బుల్లో ఇది ఉపయోగకరం. కమిటీని అధ్యక్షుడే నియమించుకుంటే అది వారసులను ఎంచుకునే సాధనం అవుతుంది. అధ్యక్షుడు ఆ కమిటీని నియమించకూడదనీ అందులో సభ్యుడిగా ఉండకూడదనీ రాబర్ట్స్ రూల్స్ సూచించడానికి కారణం ఇదే. లయన్స్ క్లబ్బుల్లో నామినేటింగ్ కమిటీతో, ఏటా ఏప్రిల్ 15లోగా ఎన్నిక ముగించి జులై 1న కొత్త కార్యవర్గం బాధ్యతలు స్వీకరించడం ఆనవాయితీ.

రెండోది సభలో నామినేషన్. సమావేశంలోనే ఒకరు పేరు ప్రతిపాదిస్తారు. కమిటీ పేర్లు ప్రకటించాక సభ నుంచి కూడా పేర్లు తీసుకోవడం నామినేటింగ్ కమిటీ అధికారానికి పగ్గం. మూడోది పత్రం ద్వారా నామినేషన్. ఇద్దరు సభ్యులు, ఒకరు ప్రతిపాదించి మరొకరు బలపరిచి, అభ్యర్థి సమ్మతి సంతకంతో పత్రం దాఖలు చేస్తారు. తెలుగు రాష్ట్రాల్లో పెద్ద సంఘాలన్నీ దాదాపు ఈ పద్ధతినే పాటిస్తాయి.

నామినేషన్ పత్రం సరళంగా ఉండాలి. అభ్యర్థి పేరు, సభ్యత్వ సంఖ్య, పోటీ చేసే పదవి, ప్రతిపాదించినవారి, బలపరిచినవారి వివరాలు, సమ్మతి, అర్హత ప్రకటన చాలు. పత్రాలు దొరకకుండా చేయడం, కార్యాలయం ముందే మూసేయడం వంటివి పాత ఎత్తుగడలు. అందువల్ల పత్రం అందరికీ ఉచితంగా దొరకాలి, తీసుకున్న తేదీ, గంట రాసి రసీదు ఇవ్వాలి. ప్రతిపాదకుల సంఖ్య, డిపాజిట్ మొత్తం పోటీని అడ్డుకునేంత ఎక్కువ ఉండకూడదు. గతంలో ఇన్నేళ్లు కార్యవర్గంలో పనిచేసి ఉండాలన్న షరతు అధ్యక్ష పదవికి అనుభవం పేరుతో పెడతారు గానీ, దాన్ని పెంచుకుంటూ పోతే పదవి కొద్దిమంది మధ్యే తిరుగుతుంది.

పరిశీలన రోజున అభ్యర్థులు గానీ వారి ప్రతినిధులు గానీ హాజరయ్యే వీలుండాలి. అక్షరదోషం, సభ్యత్వ సంఖ్యలో అంకె తారుమారు వంటి చిన్న లోపాలకు సరిదిద్దుకునే అవకాశం ఇవ్వాలి. తిరస్కరణ ఉత్తర్వు కారణంతో సహా అదే రోజు రాసివ్వాలి. ఉపసంహరణ అభ్యర్థి స్వయంగా సంతకం చేసిన పత్రం ద్వారానే చెల్లాలి. ఒత్తిడి చేసి ఇంకొకరి ద్వారా ఉపసంహరణ పత్రం పంపించే అలవాటుకు ఇది అడ్డు.

మచ్చుకు ఒక సంఘం కాలపట్టిక ఇలా ఉండవచ్చు: పోలింగుకు 45 రోజుల ముందు నోటీసు, ముసాయిదా జాబితా, 35 రోజుల ముందు తుది జాబితా, ఆపైన అయిదు పనిదినాలు నామినేషన్లు, మర్నాడు పరిశీలన, రెండు రోజులు ఉపసంహరణ, 21 రోజుల ముందు తుది అభ్యర్థుల ప్రకటన. నోటీసులో పదవులు, అర్హతలు, తేదీలు, గంటలు, స్థలం అన్నీ ఒకేచోట ఉండాలి.

ఏకగ్రీవం, ప్యానెళ్లు

ఒక్కరే రంగంలో మిగిలితే ఏకగ్రీవంగా ఎన్నికైనట్టు ప్రకటిస్తారు. తెలుగు సమాజంలో ఏకగ్రీవానికి గౌరవం ఉంది. గ్రామ పంచాయతీల ఏకగ్రీవాలకు ప్రభుత్వాలు ప్రోత్సాహకాలు ప్రకటించిన సందర్భాలున్నాయి. అందరూ నిజంగా ఒప్పుకున్నప్పుడు అది సంఘానికి బలం. పోటీ చేయాలనుకున్నవారిని పెద్దమనుషులు కూర్చోబెట్టి విరమింపజేసినప్పుడు మాత్రం అసమ్మతి చల్లారదు, లోపల రాజుకుంటుంది. అందుకే నామినేషన్ గడువు పూర్తిగా గడిచాకే ఏకగ్రీవం ప్రకటించాలి. అంతకుముందు సమావేశంలో చప్పట్లతో ప్రకటించిన ఏకగ్రీవానికి విలువ ఉండకూడదు.

ప్యానెల్ అంటే ఉమ్మడి ప్రణాళికతో కలిసి పోటీచేసే అభ్యర్థుల జట్టు. జట్టుగా ప్రచారం చేసుకునే హక్కు ఉన్నా, బ్యాలట్‌పై ప్యానెల్ మొత్తానికి ఒకే గుర్తు పెట్టకూడదు. ప్రతి పదవికీ విడిగా ఎంచుకునే స్వేచ్ఛ ఓటరుకు ఉండాలి. స్వతంత్ర అభ్యర్థికి అదే అక్షరాల సైజు, అదే చోటు దక్కాలి.

మహిళలకు, కొన్ని ప్రాంతాలకు, వర్గాలకు స్థానాలు కేటాయించడం మరో ఏర్పాటు. సుప్రీంకోర్టు న్యాయవాదుల సంఘం కార్యవర్గంలో మూడో వంతు స్థానాలు మహిళలకు కేటాయించాలని 2024 మే నెలలో సుప్రీంకోర్టు ఆదేశించింది. రిజర్వు స్థానాలకు నామినేషన్లు, ఓట్లు ఎలా లెక్కిస్తారో నోటీసులోనే చెప్పాలి.

ప్రచారం

పదవిలో ఉన్నవారికి సంఘం చిరునామాల పట్టిక, వాట్సాప్ గ్రూపు, పత్రిక, హాలు అందుబాటులో ఉంటాయి. ప్రత్యర్థికి అవే దక్కకపోతే పోటీ సమానం కాదు. అభ్యర్థులందరి పరిచయాన్ని ఒకే నిడివిలో సంఘమే సభ్యులకు పంపడం ఇందుకు మంచి మార్గం. అమెరికాలో 1959 నాటి కార్మిక సంఘాల చట్టం అభ్యర్థుల ప్రచార సామగ్రి పంపిణీలో సంఘం వివక్ష చూపకూడదని, ఎన్నికకు కనీసం 15 రోజుల ముందు ప్రతి సభ్యుడికి తపాలాలో నోటీసు పంపాలని, బ్యాలట్లను ఏడాదిపాటు భద్రపరచాలని నిర్దేశించింది. సంఘం నిధులు ఏ అభ్యర్థి ప్రచారానికీ వాడకూడదన్న నిషేధం కూడా అందులో ఉంది. రోటరీ అంతర్జాతీయ సంస్థ తన ఎన్నికైన పదవులకు ప్రచారమే నిషేధించింది. విందులు, బహుమతులతో ఓట్లు కొనే అలవాటును అరికట్టే ఆ ప్రయత్నం, ప్రచారం లేకుండా సభ్యులు అభ్యర్థిని తెలుసుకోవడం ఎలా అన్న ప్రశ్నను మిగులుస్తుంది.

బ్యాలట్ రూపం, పోలింగు

మూజువాణి ఓటు, చేతులెత్తడం తీర్మానాలకు సరిపోతాయి. మనుషుల మధ్య ఎంపికకు రహస్య బ్యాలట్ కావాలి. చిన్న సంఘంలో సైతం ఒకే ఒక్క సభ్యుడు కోరినా రహస్య ఓటింగు జరపాలన్న నిబంధన మంచిది, ఎందుకంటే బెదిరింపు ఉన్నచోట గట్టిగా కోరే ధైర్యం చాలామందికి ఉండదు.

బ్యాలట్‌పై పేర్ల వరస ఫలితాన్ని ప్రభావితం చేయగలదు. అమెరికాలోని ఒహాయోలో 1992 ఎన్నికలను పరిశీలించిన జోవాన్ మిల్లర్, జాన్ క్రోస్నిక్ 1998లో ప్రచురించిన అధ్యయనంలో, మొదట ఉన్న పేరుకు సగటున 2.5 శాతం ఓట్ల లాభం కనిపించింది. అభ్యర్థుల గురించి ఓటర్లకు తక్కువ తెలిసిన పోటీల్లో ఈ ప్రభావం ఎక్కువ. టాస్మానియా రాష్ట్రంలో పేర్ల వరసను బ్యాలట్ బ్యాలట్‌కూ మార్చి అచ్చువేస్తారు. తెలుగు సంఘాల్లో అక్షరక్రమం పాటిస్తే ఇంటిపేరుతోనా, సొంత పేరుతోనా అన్నది ముందే తేల్చుకోవాలి. అదే వరసను తారుమారు చేస్తుంది. అభ్యర్థుల ఎదుట చీటీ తీసి వరస నిర్ణయించడం సులువైన పరిష్కారం. ఒకే పేరున్న ఇద్దరు పోటీలో ఉంటే సభ్యత్వ సంఖ్య, ఫొటో చేర్చాలి. ఇలాంటి గందరగోళం తొలగించడానికే ఎన్నికల సంఘం 2015 నుంచి ఓటింగు యంత్రాల బ్యాలట్‌పై అభ్యర్థుల ఫొటోలు చేర్చింది.

పోలింగు రోజున ఖాళీ పెట్టెను అభ్యర్థుల ఏజెంట్లకు చూపించి సీలు వేస్తారు. ఓటరు గుర్తింపు కార్డు చూపి సంతకాల పుస్తకంలో సంతకం చేసి బ్యాలట్ తీసుకుంటాడు. బ్యాలట్‌పై వరస సంఖ్య వేసినప్పుడు ఏ సంఖ్య ఎవరికి వెళ్లిందో సంతకాల పుస్తకంలో రాయకూడదు. రాస్తే రహస్యం పోయినట్టే. బ్యాలట్ వెనక ఎన్నికల అధికారి సంతకమో ముద్రో ఉండాలి. తన పేరిట అప్పటికే ఎవరో ఓటు వేసినట్టు తేలితే ఆ ఓటరుకు టెండర్డ్ ఓటు ఇచ్చి విడిగా కవరులో ఉంచుతారు.

తపాలా, ఎలక్ట్రానిక్ ఓటు

సభ్యులు ఊళ్లలో, దేశాల్లో చెదిరి ఉన్న సంఘాలకు తపాలా బ్యాలట్ తప్పనిసరి అవుతుంది. ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానా ఎన్నో ఏళ్లు దీన్నే వాడింది. ఇందులో రెండు ప్రమాదాలున్నాయి. బ్యాలట్లు ఇళ్లకు వెళ్లాక వాటిని పోగుచేసి ఒకే చేతితో నింపడం ఒకటి. ఓటరు పక్కన కూర్చుని ఓటు వేయించడం రెండోది. రెండు కవర్ల పద్ధతి రహస్యాన్ని కాపాడుతుంది: బ్యాలట్ లోపలి కవరులో, సంతకం, సభ్యత్వ సంఖ్య బయటి కవరుపై. బయటి కవర్లు పరిశీలించి ఆమోదించాకే లోపలివి విడదీసి కలిపేస్తారు. కవర్లు క్లబ్బు కార్యాలయానికి కాకుండా ఎన్నికల అధికారి తపాలా పెట్టెకు రావాలి.

హైదరాబాద్‌లో సినిమా నటుల సంఘం ‘మా’ 2021 అక్టోబరు ఎన్నికల ముందు తపాలా ఓట్ల రుసుము ఎవరు చెల్లించాలి, ఓటింగుకు యంత్రమా కాగితమా అన్న రెండు ప్రశ్నలూ బహిరంగ చర్చకు వచ్చాయి. చివరకు కాగితపు బ్యాలట్‌తో పోలింగు జరిగింది. పద్ధతులు నామినేషన్లకు ముందే ఖరారు కాకపోతే ప్రతి నిర్ణయమూ ఏదో ఒక పక్షానికి అనుకూలంగా కనిపిస్తుంది.

ఎలక్ట్రానిక్ ఓటింగులో లింకు, ఓటీపీ ఓటరు ఫోనుకు వెళ్తాయి. కాబట్టి ఫోన్ నంబర్ల పట్టికే ఓటర్ల జాబితా. చివరి వారంలో నంబర్లు మార్చే వీలు ఎవరికీ ఉండకూడదు. సాఫ్ట్‌వేర్ నిర్వహించే సంస్థను అభ్యర్థులందరి సమక్షంలో ఎంపిక చేయాలి. ఎవరెవరు ఓటు వేశారన్న వివరం, ఎవరికి వేశారన్న వివరం ఒకేచోట కలవకూడదు. వృద్ధ సభ్యులు ఎక్కువగా ఉన్న సంఘంలో పోలింగు కేంద్రం కూడా తెరిచి ఉంచడం న్యాయం.

గెలుపు నిర్ణయించే పద్ధతులు

ఒకే పదవికి ముగ్గురు పోటీచేసి 40, 35, 25 ఓట్లు తెచ్చుకుంటే ఎక్కువ ఓట్ల పద్ధతిలో మొదటివారు గెలుస్తారు. 60 మంది వారిని కోరుకోకపోయినా సరే. సగానికి మించిన ఓట్లు కావాలనుకుంటే మలి విడత పోలింగైనా జరపాలి, ప్రాధాన్య ఓటైనా వాడాలి. ప్రాధాన్య ఓటు తెలుగు పట్టభద్రులకు కొత్తేమీ కాదు. శాసనమండలి పట్టభద్రుల స్థానాల్లో 1, 2, 3 అంకెలు వేసే పద్ధతి అదే.

ఒకే తరహా స్థానాలు అనేకం ఉన్నప్పుడు ఎంచుకున్న పద్ధతి ఫలితాన్ని పూర్తిగా మార్చేయగలదు. వందమంది సభ్యులున్న సంఘంలో 9 కార్యవర్గ స్థానాలున్నాయనుకుందాం. ప్రతి ఓటరుకూ తొమ్మిది ఓట్లిస్తే, 60 మంది ఒక జట్టుగా, 40 మంది మరో జట్టుగా ఓటు వేసినప్పుడు మొదటి జట్టుకే తొమ్మిదికి తొమ్మిది స్థానాలు దక్కుతాయి. ఒకే బదిలీ ఓటు విధానంలో ఇలా జరగదు. చెల్లిన ఓట్లను స్థానాలకు ఒకటి కలిపిన సంఖ్యతో భాగించి, వచ్చిన పూర్ణాంకానికి ఒకటి కలిపితే కోటా వస్తుంది. ఇక్కడ 100ను 10తో భాగిస్తే 10, ఒకటి కలిపితే 11. ఓటర్లు తమ జట్టు లోపలే ప్రాధాన్యాలు ఇచ్చుకుంటే 60 మందికి అయిదు స్థానాలు, 40 మందికి నాలుగు దక్కుతాయి. కోటాను మించిన ఓట్లు, ఓడినవారి ఓట్లు తర్వాతి ప్రాధాన్యాలకు బదిలీ అవుతాయి. ఈ కోటాను హెన్రీ డ్రూప్ 1868లో ప్రతిపాదించాడు. 1961 న్యాయవాదుల చట్టం ప్రకారం రాష్ట్ర బార్ కౌన్సిళ్ల సభ్యులను ఈ విధానంలోనే ఎన్నుకుంటారు.

నచ్చినవారందరికీ టిక్కు పెట్టే ఆమోద ఓటు మరొకటి. స్టీవెన్ బ్రామ్స్, పీటర్ ఫిష్‌బర్న్ 1978లో దీన్ని సిద్ధాంతీకరించాక అమెరికా గణిత సంఘాలు కొన్ని తమ ఎన్నికల్లో చేపట్టాయి. లెక్కించడం తేలిక, చెల్లని ఓట్లు తక్కువ. ప్రాధాన్య క్రమంపై ఆధారపడే ఏ పద్ధతీ అన్ని విధాలా నిర్దోషం కాదని కెనెత్ ఆరో 1951లో గణితంతో నిరూపించాడు. అయినా పద్ధతుల మధ్య తేడా లేదని దాని అర్థం కాదు. నలభై శాతం సభ్యులకు ఒక్క స్థానమూ దక్కని పద్ధతిలో సంఘాలు చీలిపోవడానికి ఆస్కారం ఎక్కువ.

పదవీకాలాన్ని అంచెలుగా పెట్టడం, అంటే ఏటా మూడో వంతు స్థానాలకే ఎన్నిక జరపడం అనుభవాన్ని నిలుపుతుంది. అది ఉన్నచోట వరస పదవులపై పరిమితి కూడా ఉండాలి.

లెక్కింపు, సమాన ఓట్లు, వివాదాలు

లెక్కింపు అభ్యర్థుల ఏజెంట్ల ఎదుటే జరగాలి. జారీ చేసిన బ్యాలట్లు, పెట్టెలో దొరికినవి, వాడనివి, పాడైనవి కలిపి అచ్చువేసిన సంఖ్యతో సరిపోవాలి. ఓటరు ఉద్దేశం స్పష్టంగా ఉంటే గుర్తు కాస్త పక్కకు జరిగినా ఓటు చెల్లుతుంది. ఓటరెవరో తెలిసే సంతకం, పేరు ఉంటే చెల్లదు. చెల్లని ఓట్ల నమూనాలు లెక్కింపు మొదలుకాకముందే అందరికీ చూపడం వల్ల సగం గొడవలు తగ్గుతాయి. ఓట్లు సమానమైతే తిరిగి లెక్కించి, అప్పటికీ తేలకపోతే చీటీ తీస్తారు. చట్టసభల ఎన్నికలకు కూడా 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం ఇదే పద్ధతి చెప్పింది. అధ్యక్షుడి నిర్ణాయక ఓటును పాలకవర్గ ఎన్నికకు వాడకూడదు, ఆయన తరచూ ఒక పక్షంలో ఉంటాడు గనుక.

ఫలితాల పత్రంలో ప్రతి అభ్యర్థికీ వచ్చిన ఓట్లు రాయాలి, గెలిచినవారి పేర్లు మాత్రమే ప్రకటించడం చాలదు. తిరిగి లెక్కించమని అడిగే గడువు, ఫిర్యాదు గడువు, తీర్పు చెప్పే అప్పీలు కమిటీ ఉపనిబంధనల్లో ఉండాలి. ఆ కమిటీలో అభ్యర్థులు, వారి బంధువులు ఉండకూడదు. గడువు ముగిసేవరకు బ్యాలట్లు సీలు వేసి ఉంచాలి. లోపం జరిగినంత మాత్రాన ఎన్నిక రద్దు కాదు. అది ఫలితాన్ని మార్చగలిగేదా అని చూస్తారు. ఓటు హక్కును కాజేయడం, నామినేషన్‌ను అన్యాయంగా తిరస్కరించడం మాత్రం ఎన్నిక మూలాన్నే దెబ్బతీస్తాయి.

చిన్న సంఘాలకు అన్వయం

ఇరవై ముప్పై కుటుంబాల అపార్ట్‌మెంటుకు, కాలనీ రిక్రియేషన్ క్లబ్బుకు పై ఏర్పాట్లన్నీ అవసరం లేదు. అవి కనీసం అయిదు పాటించగలవు: ఓటున్నవారి జాబితా నోటీసు బోర్డుపై పెట్టడం, పోటీ చేయని వ్యక్తికి నిర్వహణ అప్పగించడం, నామినేషన్లకు కనీసం వారం గడువు, మడిచి వేసే కాగితపు ఓటు, అందరి ఎదుట లెక్కింపు. కొత్త కార్యవర్గం బాధ్యతలు తీసుకునే తేదీన పాతవారు లెక్కల పుస్తకాలు, బ్యాంకు పత్రాలు, తాళాలు అప్పగిస్తూ జాబితాపై సంతకాలు చేయడం కూడా ఎన్నికలో భాగమే.

ఎన్నికల నిబంధనలు మార్చాలంటే ఎన్నిక ముగిసిన తొలి ఏడాదే సరైన సమయం. పోటీదారులు తేలాక చేసే సవరణ ఎంత మంచిదైనా ఎవరో ఒకరి కోసం చేసినట్టు ఉంటుంది. రేపు తాము ఏ పక్షాన నిలబడతారో సభ్యులకు ఇంకా తెలియనప్పుడు, ఓడినా తమకు సమ్మతమే అనుకుని రాసుకున్న నిబంధన గెలిచినవారికీ ఓడినవారికీ ఒకేలా వర్తిస్తుంది. ఆ నిబంధనను మార్చే అధికారం సర్వసభ్య సమావేశానికే, అదీ మూడింట రెండు వంతుల ఆమోదంతోనే ఉంటే, కార్యవర్గాలు మారినా ఎన్నిక తీరు నిలకడగా ఉంటుంది.